సెల్‌ఫోన్, షేరింగ్, గోప్యత: నల్లగొండ జిల్లా కేసులు ఏం చెప్తున్నాయి?

2025 మార్చి 21. పదో తరగతి పరీక్షల మొదటి రోజు, తెలుగు పేపర్. నకిరేకల్ గురుకుల పాఠశాల పరీక్ష కేంద్రంలో కిటికీ పక్కన కూర్చున్న ఒక అమ్మాయి ప్రశ్నపత్రాన్ని బయటి నుంచి వచ్చినవాళ్లు సెల్‌ఫోన్‌తో ఫొటో తీశారు. అది వాట్సాప్‌లో చేతులు మారింది. అధికారులు ఆ అమ్మాయిని డిబార్ చేశారు. పేపర్ చూపించకపోతే రాయితో కొడతామని బెదిరించారని, తన తప్పేమీ లేదని ఆమె మీడియా ముందు మొరపెట్టుకుంది. న్యాయం కోసం హైకోర్టు దాకా వెళ్లింది. ఫొటో తీసిన, పంచిన వాళ్లను పోలీసులు అరెస్టు చేశారు. సిబ్బంది మీదా చర్యలు తీసుకున్నారు. పరీక్షకు దూరమైంది మాత్రం చేతిలో ఫోన్ లేని పిల్ల.

ఆమె పేరు, ముఖం చానళ్లలో, యూట్యూబ్‌లో తిరిగాయి. 2015 బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం విచారణలో ఉన్న నేరంలో బాధితులైనా, సాక్షులైనా, ఆరోపణ ఎదుర్కొంటున్నవారైనా, 18 ఏళ్లలోపు పిల్లల పేరు, ఫొటో, బడి వివరాలు బయటపెట్టకూడదు. బయటపెడితే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. సానుభూతితో షేర్ చేసినా ఆ పోస్టు పిల్లను గుర్తుపట్టించేదే.

పంచుకోవడం మారిన తీరు

ఒకప్పుడు మన పల్లెల పిల్లలు మండల కేంద్రంలోని సెల్ షాపుకు పోయి మెమరీ కార్డులో పాటలు ఎక్కించుకునేవాళ్లు. తర్వాత బ్లూటూత్ వచ్చింది. అప్పుడు ఎవరు ఎవరికిచ్చారో తెలిసేది. ఇప్పుడు ఒక్క నొక్కుతో వందల మందికి చేరుతుంది. పుకార్లతో మూకహత్యలు జరిగాక, 2018లో వాట్సాప్ మన దేశంలో ఒకసారికి ఐదు చాట్లకే ఫార్వర్డ్ చేసేలా పరిమితి పెట్టింది. 2020 ఏప్రిల్ నుంచి, బాగా తిరిగిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. అయినా ‘అందరికీ డిలీట్’ కొడితే పోయేది చాట్‌లోని కాపీ మాత్రమే. ఎవరో తీసుకున్న స్క్రీన్‌షాట్ పోదు.

ఉచిత సినిమాకూ ధర ఉంది. పైరసీ సైట్ ఐబొమ్మ నిర్వాహకుణ్ని 2025 నవంబరులో హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. సినిమా కోసం వచ్చినవాళ్లను బెట్టింగ్ యాప్‌ల వైపు మళ్లించారని పోలీసులు చెప్పారు. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం కింద థియేటర్లో దొంగచాటుగా రికార్డు చేస్తే కనీసం మూడు నెలల జైలు, మూడు లక్షల జరిమానా.

మిర్యాలగూడ: దుఃఖం వినోదమైన చోట

నకిరేకల్ ఘటనకు పదకొండు రోజుల ముందు, 2025 మార్చి 10న, నల్లగొండ కోర్టు ప్రణయ్ హత్య కేసులో తీర్పు చెప్పింది. ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం. దళిత యువకుడు ప్రణయ్‌ని 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ఆసుపత్రి బయట, గర్భిణి అయిన భార్య పక్కనుండగానే నరికి చంపారు. ఆ జంట సంతోషంగా ఫేస్‌బుక్‌లో పంచుకున్న వీడియోను వేలమంది చూశారు. హత్య తర్వాత సీసీ కెమెరా దృశ్యాలు వాట్సాప్‌లో తిరిగాయి. ఆమె మీద బూతు పోస్టులు, హత్య చేయించిన తండ్రిని సమర్థించే పోస్టులు వచ్చాయి.

2020లో ఇదే ఉదంతం మీద రామ్‌గోపాల్ వర్మ ‘మర్డర్’ సినిమా ప్రకటించారు. కుటుంబం కోర్టుకెక్కింది. నల్లగొండ కోర్టు విడుదల ఆపింది. హైకోర్టు ఆ స్టే ఎత్తేశాక డిసెంబరులో సినిమా వచ్చింది. కేసు విచారణ ముగియకముందే బాధితుల జీవితం తెరకెక్కింది. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో చెప్పింది. ఆ హక్కును వాడుకోవడానికి ఒక దళిత కుటుంబం ఎన్ని మెట్లెక్కాలో ఈ కేసు చూపించింది.

కాలేజీలో పోస్టు విలువ

2015 ఆగస్టులో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ గొడవ ఒక డాక్యుమెంటరీ దగ్గర మొదలైంది. ‘ముజఫర్‌నగర్ బాకీ హై’ ప్రదర్శనను ఢిల్లీలో అడ్డుకోవడాన్ని అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ నిరసించింది. దాని మీద ఏబీవీపీ నాయకుడొకరు ఫేస్‌బుక్‌లో వాళ్లను గూండాలన్నారు. ఆ తర్వాతి పరిణామాల్లో ఐదుగురు దళిత పరిశోధకులు సస్పెండై హాస్టల్ నుంచి బయటికొచ్చారు. వాళ్లలో ఒకరైన రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు.

ఆయన చివరి లేఖను దేశమంతటికీ చేర్చింది కూడా ఇవే ఫోన్లు. టీవీ చానళ్లు పట్టించుకోని గొంతులను రికార్డు చేసిన ‘దళిత్ కెమెరా’ యూట్యూబ్ చానల్ హైదరాబాద్ విశ్వవిద్యాలయాల వాతావరణంలోనే పుట్టింది. కెమెరా మన చేతిలో ఉంటే సాక్ష్యం, మన మీద ఉంటే నిఘా. అందుకే ఫోన్ వద్దనడం పరిష్కారం కాదు, చట్టం తెలిసి వాడాలి.

చట్టం ఏమంటుంది

కులం పేరుతో అందరి ఎదుట అవమానిస్తే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3(1)(ఆర్), 3(1)(ఎస్) సెక్షన్లు వర్తిస్తాయి. ఆన్‌లైన్ వీడియో కూడా ‘ప్రజల కంటపడే చోటు’ కిందికే వస్తుందని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. అయితే బాధితుడు ఎస్సీ అయినంత మాత్రాన చాలదని, ఆ అవమానం కులం కారణంగా చేసిందై ఉండాలని 2024 ఆగస్టులో షాజన్ స్కారియా కేసులో సుప్రీంకోర్టు అంది. కాబట్టి ఫిర్యాదులో వాడిన కులదూషణ మాటలను ఉన్నదున్నట్టు రాయాలి.

ఒకరి ఒంటి రహస్య భాగాల ఫొటోను అనుమతి లేకుండా తీసినా, పంపినా ఐటీ చట్టం 66ఇ కింద మూడేళ్ల వరకు జైలు. 66ఏ సెక్షన్‌ను మాత్రం సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. పోస్టు నచ్చలేదని దాని కింద కేసు పెడతామని ఎవరన్నా బెదిరిస్తే చెల్లదు.

వెంటనే చేయాల్సినవి

దూషణ పోస్టు కనిపిస్తే ముందు లింకు, ఖాతా పేరు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. దాన్ని తిట్టడానికైనా మళ్లీ షేర్ చేయకండి.

మీరు తీసిన వీడియో సాక్ష్యమైతే అసలు ఫైలును ఫోన్‌లోంచి చెరపకండి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో తీసిన సమయం, చోటు వంటి వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు మారదు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి.

ఆన్‌లైన్ మోసమైతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. మిగతా సైబర్ నేరాలను జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లోనూ, పోలీస్ స్టేషన్‌లోనూ ఫిర్యాదు చేయొచ్చు. అట్రాసిటీ కేసును డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి, 60 రోజుల్లో చార్జిషీటు వేయాలి. స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా అడిగి తీసుకోండి.

విద్యార్థి సంఘాల గ్రూపుల్లో ఒక నియమం పెట్టుకోవచ్చు: బాధితుల ముఖం, పేరు, ఊరు ఉన్న ఫైలు వాళ్లను అడగకుండా ముందుకు పోదు. మైనర్లదైతే అసలే పోదు.