కొరియా చలనచిత్ర దర్శకుడు ఇమ్ క్వన్‌తేక్

కళాకారుని గొప్పతనాన్ని అతని కృతుల సంఖ్యను బట్టి నిర్ణయించరాదని పెద్దలంటారు. అయితే దక్షిణ కొరియా దర్శకుడు ఇమ్ క్వన్‌తేక్ విషయంలో సంఖ్యను విడిచి చరిత్ర చెప్పటం సాధ్యం కాదు. 1962లో తొలి చిత్రాన్ని తీసిన ఆయన 2014 నాటికి 102వ చిత్రాన్ని పూర్తిచేసినారు. వీటిలో దాదాపు సగం మొదటి పది సంవత్సరాలలోనే వెలువడినవి. కాని లోకం ఆయనను గౌరవించినది ఆ సగాన్ని చూచి కాదు. అంత వేగంగా పరుగెత్తిన మనిషి ఎందుకు నిలిచి ఆలోచించవలసి వచ్చినది, ఆలోచించి ఏ దారి పట్టినాడు అన్నదే ఇక్కడ విచారించదగిన విషయం.

1930ల నడిమికాలంలో, కొరియా జపాను పాలనలో ఉన్నప్పుడు, నైరుతి దిక్కున గల జొల్లా ప్రాంతంలో ఇమ్ జన్మించినారు. ఆయన కుటుంబంలో వామపక్షీయులు ఉండేవారు. 1950–53 యుద్ధకాలంలోను, ఆ తరువాతను ఆ కుటుంబం మిక్కిలి బాధలు పడినది. ఒకని రాజకీయాభిప్రాయానికి బంధువులందరు అనుమానానికి గురియైన రోజులవి. చదువు మధ్యలో ఆగిపోగా ఆయన పూసాన్ రేవుపట్టణం చేరి కూలిపని చేసినారు. అమెరికను సైనికుల పాత బూట్లను బాగుచేయించి అమ్మే వర్తకుల వద్ద కుదిరినారు. ఆ వర్తకులే పిమ్మట సియోల్ నగరంలో చిత్రనిర్మాణానికి పూనుకొని, 1956లో ఆయనను తమవద్దకు పిలిపించుకొన్నారు. ఆయనను చిత్రరంగానికి చేర్చినది కళాభిలాష కాదు, బ్రతుకుతెరువు. దర్శకుడు చాంగ్ చాంగ్‌హ్వా వద్ద సహాయకుడుగా పనిచేసి, 1962లో స్వయంగా దర్శకుడైనారు.

అదే సంవత్సరం సైనిక ప్రభుత్వం చలనచిత్ర శాసనాన్ని తెచ్చినది. నిర్మాణసంస్థలు ఏటా నిర్ణీత సంఖ్యలో చిత్రాలు తీయవలసి వచ్చినది. విదేశీ చిత్రాలను దిగుమతి చేసుకొనే అనుమతి స్వదేశీ చిత్రాల నిర్మాణంతో ముడిపడినది. లాభం విదేశీ చిత్రాలలో ఉన్నందువల్ల, పెక్కుమంది నిర్మాతలకు స్వదేశీ చిత్రం చెల్లించక తప్పని సుంకం వంటిదైనది. త్వరగా, చౌకగా తీయగల దర్శకునికి గిరాకి పెరిగినది. యుద్ధకథలు, కత్తియుద్ధాలు, రాజాస్థాన గాథలు, కన్నీటి కథలు, ఏది అడిగిన అది ఇమ్ తీసి ఇచ్చినారు. ఆ చిత్రాలలో పెక్కింటిని తరువాతి కాలంలో ఆయన తనవిగా చెప్పుకొనటానికి ఇష్టపడలేదు. అయినను పనిలోని మెలకువలన్నీ ఆయనకు అక్కడనే పట్టుపడినవి.

1973లో వచ్చిన ‘కలుపుమొక్కలు’ తన మార్గాన్ని మార్చినదని ఆయనే చెప్పినారు. 1970ల చివర తీసిన ‘వంశవృక్షం’లో ఆ మార్పు స్పష్టమైనది. కొరియన్లు జపాను పేర్లు పెట్టుకోవలెనని 1940లో వలసప్రభుత్వం ఒత్తిడి తెచ్చినప్పుడు, తరతరాల వంశచరిత్రను కాపాడుకొంటూ వచ్చిన ఒక వృద్ధుని వేదన అందలి కథ. మూలకథను రాసినది కజియామ తొషియుకి అనే జపాను రచయిత కావటం గమనించదగినది.

1981 నాటి ‘మండల’లో ఇద్దరు బౌద్ధభిక్షువులు, ఒకడు నియమబద్ధుడు, మరొకడు నియమభ్రష్టుడు, కలిసి దేశం తిరుగుతారు. ఛాయాగ్రాహకుడు చాంగ్ ఇల్‌సాంగ్ ఆ శీతకాలపు దారులను ఎంతో నిబ్బరంగా చూపినాడు. 1985లో ‘కిల్సోతమ్’ వచ్చినది. యుద్ధంలో విడిపోయిన బంధువులను కలిపేందుకు 1983లో కొరియా టెలివిజను చేసిన ప్రసారాలు దాని నేపథ్యం. ఆ ప్రసారాలలోని పునస్సమాగమాలు దేశమంతటిని ఏడిపించినవి. ఇమ్ చిత్రంలోని తల్లి మాత్రం, ఇన్నేళ్లకు దొరికిన మొరటు మనిషిని తన కొడుకని అంగీకరించలేక వెనుదిరుగుతుంది. దేశ విభజన రక్తసంబంధాన్ని కూడ తెంచగలదనే కఠినసత్యాన్ని ఆయన దాచలేదు.

పుత్రసంతానం కోసం అద్దెకు తేబడిన యువతి కథయైన ‘అద్దె గర్భం’లో నటించి కాంగ్ సూయాన్ 1987లో వెనిస్ ఉత్సవాన ఉత్తమనటి బహుమానం పొందినది. 1989లో వచ్చిన భిక్షుణి కథ ‘అజె అజె పారా అజె’ ఆమెకు మాస్కోలో అదే గౌరవం తెచ్చినది. ఈ పేరు భారతీయులకు పరాయిది కాదు. ప్రజ్ఞాపారమితా హృదయసూత్రంలోని సంస్కృత మంత్రమే కొరియా ఉచ్చారణలో ఈ రూపం పొందినది.

1993 నాటి ‘సోప్యొంజె’ ఆయన పేరును ఇంటింటికి చేర్చినది. ‘పన్సోరి’ అనే ప్రాచీన గేయకథాప్రదర్శనలో గాయకుడొకడు, మద్దెల వాయించేవాడొకడు మాత్రమే ఉంటారు. పాశ్చాత్యసంగీతం వ్యాపించి దానికి ఆదరణ తగ్గిన కాలంలో, ఒక గాయకుడు తన పెంపుడు బిడ్డలతో ఊరూరు తిరుగుతాడు. కొడుకు పారిపోతాడు. కుమార్తె గానంలో ‘హాన్’, అనగా గుండెలో గూడుకట్టుకొన్న దుఃఖం, పండవలెనని తండ్రి ఆమెను గ్రుడ్డిదానిని చేస్తాడు. పొలాల నడుమ ముగ్గురు పాడుతూ నడచివచ్చే దీర్ఘదృశ్యం ఈ చిత్రానికి ప్రాణం. సియోల్‌లోనే పదిలక్షలకు పైగా ప్రేక్షకులు చూచిన మొదటి కొరియా చిత్రం ఇదే. కళకోసం స్త్రీ కన్నులను బలిగొనటాన్ని చిత్రం మన్నించినదని ఆక్షేపించిన విమర్శకులున్నారు. ఆ ఆక్షేపణను తోసిపుచ్చలేము. సంప్రదాయాన్ని నిలుపుకొనటానికి ఎవరు మూల్యం చెల్లిస్తున్నారనే ప్రశ్న చిత్రం ముగిసినా ముగియదు.

వామపక్ష గెరిల్లాల కథయైన ‘తేబెక్ పర్వతాలు’ను ఇమ్ అంతకుముందే తీయదలచినారు. రాజకీయ పరిస్థితులు అనుకూలించక అది 1994 వరకు ఆగినది. బాల్యంలో తన ఇంటిని చీల్చిన కలహాన్ని ఆయన దానిలో ఏ పక్షమూ వహించక చిత్రించినారు. పిమ్మట 2000లో, పన్సోరి గానమే కథను నడిపించే ‘చున్‌హ్యాంగ్’ కాన్ ఉత్సవంలో పోటీకి ఎంపికైన తొలి కొరియా చిత్రమైనది. చిత్రకారుడు చాంగ్ సుంగప్ జీవితం ఆధారంగా తీసిన ‘చిహ్వాసొన్’కు 2002లో అక్కడనే ఉత్తమదర్శకుని బహుమానం లభించినది. 2007లో నూరవ చిత్రానికి ఆయన మరల ‘సోప్యొంజె’ అక్కాతమ్ముళ్ల వద్దకే వెళ్లినారు.

ఇతరుల కొరకు ఏభై చిత్రాలు తీసిన తరువాతనే ఇమ్ తన చిత్రం ఏదో తెలిసికొన్నారు. ఆ తొలిచిత్రాలలో కొరియా దేశం వెతికినను దొరకదు. మలిచిత్రాలలో దాని మతం, దాని పాట, దాని గాయం అన్నీ ఉన్నవి. నిర్బంధం ఆయనకు చేతిపని నేర్పినది. చేతిపనికి అర్థాన్ని మాత్రం ఆయన తానే వెదకుకొనవలసి వచ్చినది.