ఇంటి పొయ్యి మీద సీసం: తూటాల పోతకు సంబంధించిన ఒక చరిత్ర

1776 జూలై 9వ తేదీ సాయంత్రం. న్యూయార్క్ నగరంలో జార్జి వాషింగ్టన్ సైనికులకు అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను చదివి వినిపించారు. విన్నవాళ్లు ఊరుకోలేదు. సైనికులు, నగరవాసులు గుంపుగా బౌలింగ్ గ్రీన్ అనే చోటికి వెళ్లారు. అక్కడ ఇంగ్లండు రాజు మూడవ జార్జి గుర్రం మీద కూర్చున్న విగ్రహం ఉంది. జోసెఫ్ విల్టన్ అనే శిల్పి చేసిన ఆ విగ్రహాన్ని 1770లో అక్కడ నిలబెట్టారు. చూడటానికి బంగారంలా మెరిసేది. పైన ఉన్నది బంగారు పూత మాత్రమే, లోపలిదంతా సీసం. గుంపు తాళ్లు కట్టి లాగి దాన్ని కింద పడేసింది.

చరిత్రలో విగ్రహాలు కూలడం కొత్త కాదు. మనకు ఆసక్తి కలిగించేది ఆ తరువాత జరిగిన సంగతి. ముక్కలైన విగ్రహంలో ఎక్కువ భాగాన్ని ఓడలో కనెక్టికట్ తీరానికి, అక్కడి నుంచి ఎడ్ల బండ్ల మీద లిచ్‌ఫీల్డ్ అనే ఊరికి తరలించారు. ఆ ఊళ్లో ఆలివర్ వోల్‌కాట్ అనే ప్రముఖుని ఇల్లు ఉండేది. తరువాత స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవారిలో ఈయన కూడా ఒకరు. ఇంటి పక్కనున్న ఆపిల్ తోటలో ఒక పాక వేశారు. వోల్‌కాట్ కట్టెలు కొట్టే గొడ్డలితోనే రాజుగారిని, గుర్రాన్ని ముక్కలు చేశారు. ఆడపిల్లలు సీసం కరిగించి తూటాలు పోశారు, వాటిని కాగితంలో చుట్టి తోటాలు కట్టారు.

ఎవరెన్ని చేశారో లెక్క రాసి పెట్టారు. ఆ లెక్క ఇప్పటికీ ఉంది. రూత్ మార్విన్ అనే యువతి 11,592. వోల్‌కాట్ కూతురు మేరీ ఆన్ 10,790. ఆమె అక్క లారా 8,378. కొడుకు ఫ్రెడరిక్ 936. ఇరుగుపొరుగు వాళ్లవి కూడా కలుపుకుంటే మొత్తం 42,088. మేరీ ఆన్‌కు అప్పటికి పదకొండేళ్లు, ఫ్రెడరిక్‌కు తొమ్మిదైనా నిండలేదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేసి చూద్దాం. విగ్రహం బరువు 4,000 పౌండ్లని చెబుతారు, అంటే సుమారు 1,814 కిలోలు. ఆ కాలపు మస్కెట్ తూటా ఒకటి సుమారు ఒక ఔన్సు, అంటే 28 గ్రాములు ఉంటుందనుకుందాం. 42,088ని 28తో గుణిస్తే దాదాపు 1,178 కిలోలు వస్తుంది. మిగతా ఆరు వందల పైచిలుకు కిలోలు ఏమయ్యాయి? మనం వేసుకున్న తూటా బరువు ఉజ్జాయింపే కాబట్టి ఈ శేషాన్ని పట్టుకుని గట్టిగా వాదించలేం. అయినా దారిలో కొన్ని ముక్కలు మాయమయ్యాయన్నది నిజం. వాటి సంగతి చివర చూద్దాం.

ఒక పల్లెటూరి ఇంట్లో పిల్లలు వేల తూటాలు ఎలా పోయగలిగారు? జవాబు సీసం స్వభావంలోనే ఉంది. ఇనుము కరగాలంటే 1,538 డిగ్రీల సెల్సియస్ కావాలి, రాగికి 1,085 డిగ్రీలు. వాటికి కొలిమి, తిత్తి, నిపుణుడు అవసరం. సీసం 327 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. కట్టెల పొయ్యి చాలు, ఒక ఇనుప పాత్ర, ఒక గరిటె చాలు. పైగా నీటికన్నా పదకొండు రెట్లు పైగా సాంద్రత ఉన్న లోహం కావడంతో చిన్న గుండులోనే చాలా బరువు ఇముడుతుంది. తేలికైన గుండును గాలి త్వరగా ఆపేస్తుంది, బరువైనది తన వేగాన్ని ఎక్కువ దూరం నిలుపుకుంటుంది. సులువుగా కరగడం, బరువుగా ఉండటం, మెత్తగా ఉండటం అనే మూడు గుణాలూ ఒకే చోట, చవకగా దొరికిన లోహం కాబట్టే తుపాకీ పుట్టినప్పటి నుంచి సీసానికి దానితో పొత్తు కుదిరింది.

అమెరికా వలసల్లో ఇది సరదా పని కాదు, అవసరం. కొండ ప్రాంతాల వేటగాడు రైఫిల్ చేయించుకుంటే, కమ్మరి దానితో పాటు ఆ గొట్టానికి సరిపోయే చిన్న అచ్చు కూడా చేసి ఇచ్చేవాడు. అప్పట్లో రెండు రైఫిళ్ల గొట్టాలు సరిగ్గా ఒకే కొలతలో ఉండేవి కావు. ఒకరి తూటా మరొకరికి పనికిరాదు. అందుకే ఎవరి తూటాలు వాళ్లే పోసుకోవాలి. సీసానికి కరువు వచ్చినప్పుడు కిటికీల బరువులు, గడియారపు గుండ్లు కూడా పొయ్యిలోకి వెళ్లాయి.

తుపాకీ గొట్టాన్ని కొలిచే పద్ధతి కూడా ఈ పోతపనిలోంచే వచ్చింది. మన ఊళ్లలో కూడా ‘పన్నెండు బోరు’ తుపాకీ అనే మాట వినే ఉంటారు. ఆ పన్నెండు మిల్లీమీటర్లూ కాదు, అంగుళాలూ కాదు. ఒక పౌండు సీసంతో పన్నెండు సమానమైన గుండ్లు పోస్తే, ఒక్కో గుండు పట్టేంత గొట్టం అని అర్థం. ఒక్కో గుండు 37.8 గ్రాములు. సీసం సాంద్రత 11.34తో భాగించి ఘనపరిమాణం రాబట్టండి, దాని నుంచి గోళం వ్యాసం కట్టండి. దాదాపు 18.5 మిల్లీమీటర్లు వస్తుంది. ఇరవై బోరు గొట్టం పన్నెండు బోరు కన్నా సన్నగా ఎందుకుంటుందో కూడా దీనితో తేలిపోతుంది. తరగతిలో గోళం ఘనపరిమాణం చెప్పేటప్పుడు నేను ఈ లెక్కే ఇస్తుంటాను, పిల్లలు మరచిపోరు.

‘అచ్చు’ అనే మన మాటను గమనించండి. తూటా పోసేదీ అచ్చే, పుస్తకం వేసేదీ అచ్చే. ఇది మాటల పోలిక మాత్రమే కాదు. అచ్చక్షరాలు కూడా సీసంతోనే పోసేవారు, దానికి తగరం, ఆంటిమొని కలిపేవారు. శుద్ధ సీసం గట్టిపడేటప్పుడు కుంచించుకుపోతుంది, అక్షరం అంచులు మొద్దుబారతాయి. ఆంటిమొని ఆ కుంచింపును తగ్గిస్తుంది, లోహాన్ని గట్టిపరుస్తుంది. నా చిన్నతనంలో మా ఊరి ప్రెస్సులో అరిగిపోయిన అక్షరాలను తూకానికి అమ్మేవారు. అవి కరిగి మళ్లీ కొత్త అక్షరాలుగా వచ్చేవి. కంపోజిటర్లు నల్లబడిన వేళ్లతోనే టిఫిన్ తినేవారు. బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే సీసం విషం విరిగిపోతుందని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం లేదు. ఆ వేళ్లను చూసి మాత్రం నాకు ఏమీ అనిపించలేదు, అప్పటికి నాకూ తెలియదు.

తెలిసినవాళ్లు అంతకు ముందే ఉన్నారు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రతనంలో, 1724 ప్రాంతంలో, లండన్‌లో ఒక అచ్చు కూటంలో పనిచేశారు. చలికాలంలో కడిగిన అక్షరాలను నిప్పు దగ్గర ఆరబెట్టి వేడివేడిగా పట్టుకునే అలవాటు అక్కడ ఉండేది. ఆయనకు చేతుల్లో నొప్పి మొదలైంది. అలా చేసి చేతులు పడిపోయినవాళ్లు ఉన్నారని ఒక ముసలి పనివాడు హెచ్చరించడంతో మానేశారు. 1786లో ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో ఈ అనుభవం చెప్పి, సీసం హాని గురించి మనుషులకు ఎప్పటి నుంచో తెలుసుననీ, అయినా దాన్ని పట్టించుకోవడానికి ఎంత ఆలస్యం చేస్తారో చూడమనీ అన్నారు. లిచ్‌ఫీల్డ్ పిల్లలు తూటాలు పోసి అప్పటికి పదేళ్లు.

గుండ్రని తూటాకు ఇంటి అచ్చు చాలుగాని, పక్షుల వేటకు వాడే సన్న రవ్వలకు అది కుదరదు. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో విలియం వాట్స్ దీనికి దారి కనిపెట్టి 1782లో పేటెంటు పొందారు. కరిగిన సీసాన్ని జల్లెడ గుండా చాలా ఎత్తు నుంచి కిందికి వదిలితే, పడుతున్న చుక్క తలతన్యత వల్ల తానే గోళమవుతుంది. కింద నీళ్లలో పడేసరికి గట్టిపడుతుంది. ఎత్తు కోసం ఆయన తన ఇంటినే పైకి పెంచారు, కింద గొయ్యి తవ్వారు. వాన చినుకు చేసే పనినే సీసంతో చేయించారన్న మాట.

ఇంటి పోతను నిజంగా వెనక్కి నెట్టింది 19వ శతాబ్దం. 1849లో ఫ్రెంచి సైనికాధికారి క్లోడ్ ఎతియెన్ మినియే కోసుగా ఉండి, అడుగున బోలుగా ఉండే తూటాను రూపొందించారు. గొట్టం కన్నా కొంచెం సన్నం కాబట్టి సులువుగా లోపలికి జారుతుంది. పేలినప్పుడు వాయువు ఒత్తిడికి అడుగు భాగం వ్యాకోచించి గొట్టంలోని గాడులను పట్టుకుంటుంది. మెత్తని సీసం కాబట్టే అది సాధ్యమైంది. ఇలాంటి తూటాతోనే 1853 నాటి ఎన్‌ఫీల్డ్ రైఫిల్ మన దేశానికి వచ్చింది. గాడుల గొట్టంలోకి బిగుతుగా దిగాలి గనక తోటా కాగితానికి కొవ్వు పూశారు. 1857 జనవరిలో కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో ఆవు, పంది కొవ్వుల మాట సిపాయిల మధ్య పాకింది. ఆ తరువాతి కథ మీ చరిత్ర పుస్తకాల్లో ఉంది. తిరుగుబాటుకు కారణాలు చాలా ఉన్నాయి, తోటా ఒక్కటే కాదు. అయినా ఒక సీసపు ముక్క ఆకారం మారడం వల్ల ఎంత దూరం పోయిందో చూడండి.

అప్పటికే ఇంగ్లండు కర్మాగారాలు తూటాలను పోయడం మాని, సీసపు కడ్డీని యంత్రంతో నొక్కి చేస్తున్నాయి. 1886లో ఫ్రాన్సు పొగలేని మందును వాడే రైఫిల్ తెచ్చింది. వేగం బాగా పెరగడంతో వట్టి సీసం గొట్టంలో అంటుకుపోసాగింది, తూటాకు రాగి లేదా దాని మిశ్రమంతో తొడుగు తప్పనిసరైంది. ఆ తొడుగు ముందు భాగాన తీసేసి, ఒంట్లో విచ్చుకునేలా చేసిన తూటాలు 1890లలో డమ్‌డమ్ కర్మాగారంలోనే తయారై ఆ ఊరి పేరును అపకీర్తిలో నిలిపాయి. 1899లో హేగ్ సమావేశం యుద్ధాల్లో అలాంటి వాటిని నిషేధించింది. తొడుగున్న తూటా ఇంటి పొయ్యి మీద తయారు కాదు. సైన్యానికి సంబంధించినంత వరకు ఇంటి పోత అక్కడితో ముగిసింది.

అయినా అమెరికాలో అది వ్యాపకంగా బతికింది. 1884లో జాన్ బార్లో కనెక్టికట్‌లోనే ఐడియల్ అనే కంపెనీ పెట్టి ఇంటివాడకానికి అచ్చులు అమ్మారు. పాత నాటు తుపాకులతో గురి పోటీలకు వెళ్లేవాళ్లు, వేటగాళ్లు నేటికీ ఇళ్లలో తూటాలు పోసుకుంటారు. లైనోటైప్ యంత్రాలు మూలపడ్డాక ఆ అచ్చులోహం వాళ్లకు ప్రియమైన సరుకైంది. సీసం 84 పాళ్లు, ఆంటిమొని 12, తగరం 4 ఉండే ఆ మిశ్రమం సుమారు 240 డిగ్రీలకే కరుగుతుంది, గట్టిగానూ ఉంటుంది. వార్తలు మోసిన లోహం తూటాగా మారుతోంది.

ఈ పని నేర్చుకునేవారికి మొట్టమొదట చెప్పేది నీటి గురించి. కరిగిన సీసంలో తడి గరిటె పెడితే ఆ నీరు క్షణంలో ఆవిరై దాదాపు 1,700 రెట్లు వ్యాపిస్తుంది, లోహం ముఖం మీదికి చిమ్ముతుంది. ఇది కంటికి కనిపించే ప్రమాదం. కనిపించనిది వేరే ఉంది. ఆ వేడి దగ్గర సీసం ఆవిరి తక్కువే. హాని చేసేది పైన తేలే తెట్టు, దాని బూడిద. చేతుల నుంచి నోటికి, బట్టల నుంచి పిల్లల ఒళ్లోకి అది చేరుతుంది. శరీరం సీసాన్ని కాల్షియం అని పొరబడి ఎముకల్లో దాచుకుంటుంది. పెరుగుతున్న మెదడుకు అది శత్రువు. ఇంత వరకైతే ఫరవాలేదు అని చెప్పగల మోతాదు ఏదీ ఇంతవరకు తేలలేదు. అక్కడి వేటగాళ్ల తూటాలు కళేబరాల్లో మిగిలి, వాటిని తిన్న కాండోర్ రాబందుల ప్రాణం తీశాయి. 1982లో ఆ పక్షులు 22 మాత్రమే మిగిలాయి. కాలిఫోర్నియా రాష్ట్రం 2019 జూలై నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది.

మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం, కాబట్టి ఈ వ్యాపకం ఇక్కడ లేదు. కానీ ఇళ్ల మధ్య సీసం కరిగించడం లేదనుకుంటే పొరపాటు. పాత కారు, ఇన్వర్టర్ బ్యాటరీలను పగలగొట్టి, పలకలను బాణలిలో కరిగించే చిన్న కొట్లు చాలా పట్టణాల శివార్లలో ఉన్నాయి. వాటిని అదుపు చేయడానికి 2001లో ఒకసారి, 2022లో మరోసారి నిబంధనలు వచ్చాయి. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరికి, అంటే సుమారు 80 కోట్ల మందికి, రక్తంలో సీసం ఆందోళనకరమైన స్థాయిలో ఉందని 2020లో యునిసెఫ్ అంచనా వేసింది. అందులో పెద్ద వాటా దక్షిణాసియాదే. మేరీ ఆన్ వయసు పిల్లలు ఆ కొట్ల పక్కనే ఆడుకుంటున్నారు.

ఇక మాయమైన ముక్కల సంగతి. లిచ్‌ఫీల్డ్ దారిలో విల్టన్ అనే ఊరుంది. శిల్పి పేరు, ఊరి పేరు ఒకటే కావడం కాకతాళీయం. అక్కడి రాజభక్తులు కొన్ని ముక్కలు దొంగిలించి చిత్తడి నేలల్లో పాతేశారని చెప్పుకునేవారు. 1871లో అక్కడ గుర్రం తోక దొరికింది, అది న్యూయార్క్ చారిత్రక సంఘం మ్యూజియంలో ఉంది. 1991లో అదే ఊళ్లో ఒక ఇంటి పెరట్లో తవ్వుతుంటే మనిషి ముంజేయి ఒకటి బయటపడింది. రెండు వందల ఏళ్లకు పైగా తడి మట్టిలో ఉన్నా ఆ సీసపు వేళ్లు అలాగే ఉన్నాయి.