ఇల్లు అమ్మడానికి సున్నం ఒక్కటే చాలదు: మన గ్రామకంఠం ఇళ్ల కథ



నూర్పులు అయ్యి ధాన్యం ఇల్లు దాటితే మన వైపు రెండు రకాల బేరాలు మొదలవుతాయి. ఒకటి పశువులది, రెండోది ఇళ్లది. ఊళ్లో ఇల్లు అమ్మీసి నరసన్నపేటలోనో శ్రీకాకుళంలోనో ఇల్లు కొనుక్కుందామని, పిల్లల చదువులకి దగ్గరగా ఉంటాదని చాలామంది అనుకుంటున్నారు. అనుకున్నదే తడవు గోడలకి సున్నం వేయిస్తారు, పగిలిన పెంకులు మార్పిస్తారు, పెరట్లో పిచ్చిమొక్కలు కొట్టిస్తారు. మంచిదే. కానీ కొనేవాడు ఇవాళ బ్యాంకు లోను పెట్టుకుని వస్తున్నాడు. బ్యాంకు లాయరు గోడ చూడడు, కాగితం చూస్తాడు. ముప్ఫై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు తెమ్మంటాడు. "మా తాతల కాలం నుంచి ఉంటున్నాం బాబూ" అంటే ఆ మాటని ఫైల్లో పెట్టుకోలేడు కదా.

పొలానికి పాసుబుక్ ఉంది, 1బి ఉంది, అడంగల్ ఉంది. మూడు తరాలు పుట్టి పెరిగిన ఇంటికి మాత్రం పంచాయతీ పన్ను రసీదు తప్ప ఏమీ ఉండదు. ఇదేటి చిత్రం? మనం అశ్రద్ధ చేశామా, లేక ఎవరైనా ఇవ్వాల్సింది ఇవ్వలేదా? దీనికి జవాబు చాలా వెనక నుంచి వస్తాది.

హద్దులు రాసుకోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. తూర్పు గాంగ రాజులు కళింగనగరం నుంచి ఇచ్చిన రాగిరేకుల శాసనాల్లో దానమిచ్చిన ఊరికి హద్దులు రాసి ఉంటాయి. పుట్టలు, చెట్లు, రాళ్లు, చెరువులు గుర్తులుగా చెప్పుకుంటూ పోతారు. మన జలుమూరు మండలం శ్రీముఖలింగమే ఆ కళింగనగరమని ఎక్కువమంది చరిత్రకారుల మాట. ఇవాళ దస్తావేజులో మనం రాయించే చెక్‌బందీకి ఆ హద్దులు తాతల వరస అవుతాయి. కాకపోతే ఆ రేకులు దానం పట్టినవాళ్లవి. రైతు గుడిసెకి ఎవరూ రేకు గీయించలేదు.

1802లో కంపెనీ వాళ్లు శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చారు. పర్లాకిమిడి, టెక్కలి, మందస లాంటి జమీలు మన చుట్టూ ఉండేవి. ఉర్లాం జమీ అయితే మన పేటకి పక్కనే. జమీందారుకి కావల్సింది పొలం మీద శిస్తు. అందుకే లెక్కలన్నీ పొలానికే. రైతు పొలం చేసుకుంటున్నాడు గనక ఊళ్లో ఒక ఇల్లు వేసుకుంటాడు, వెనక పెరట్లో పశువుల్ని కట్టుకుంటాడు. దానికి వేరే శిస్తు లేదు గనక వేరే కాగితమూ లేదు. 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం జిరాయితీ రైతుకి పొలం మీద గట్టి హక్కు ఇచ్చింది. ఇంటి కాగితం ఊసు అప్పుడూ పెద్దగా ఎవరికీ పట్టలేదు.

ఇక్కడ మనకి పనికొచ్చే రెండు చట్టాలున్నాయి. పేర్లు గుర్తు పెట్టుకోండి. మొదటిది 1905 నాటి మద్రాసు భూ ఆక్రమణల చట్టం. ఏవేవి సర్కారు భూములో చెబుతూ, ఇంటి స్థలంగానో పెరడుగానో సొంతదారుడి కింద ఉన్నది సర్కారుది కాదని అందులోనే మినహాయించారు. రెండోది 1948 ఎస్టేట్ల రద్దు చట్టం. జమీలు పోయినప్పుడు బంజర్లు, పోరంబోకులు, ఊరుమ్మడి భూములు ప్రభుత్వానికి వచ్చాయి. కానీ ఆ చట్టం 18వ సెక్షన్ ప్రకారం ఇల్లు మాత్రం జమీ స్వాధీనమయ్యే నాటికి ఎవరి సొంతమో వాళ్లకే దక్కింది. ఇల్లంటే గోడలూ కప్పూ మాత్రమే కాదు, కింద స్థలం, ఆనుకుని వాడుకునే ఆవరణ కూడా అని అక్కడే రాశారు. అంటే ఇంటి స్థలం సర్కారు మనకి దయతో ఇచ్చింది కాదు. అది ముందు నుంచీ మనదే అని చట్టం ఒప్పుకుంది.

ఒప్పుకుంది గానీ పేర్లు రాయలేదు. అసలు చిక్కు ఇదే. సర్వే చేసినప్పుడు పొలాలకి నంబర్లు, సబ్ డివిజన్లు, పట్టాదారుల పేర్లు రాశారు. ఇళ్లున్న మేరనంతా కలిపి ఒకే నంబరు వేసి "గ్రామకంఠం" అని రాసి ఊరుకున్నారు. ఆ ముక్కలో ఏ ఇల్లు ఎవరిదో కరణం గారికి తెలుసు, మునసబు గారికి తెలుసు, ఊళ్లో అందరికీ తెలుసు. ఊరు తనలో తాను ఉన్నంతకాలం ఆ తెలియడమే సరిపోయింది. 1984 జనవరిలో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. అది మంచిదా చెడ్డదా అన్న వాదం నేను ఎత్తను. రైతుని ఏడిపించిన కరణాలు ఉన్నారు, ఆదుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ ఏ గోడ ఎవరిదో నోటి మీద చెప్పగలిగిన మనిషి ఆ రోజుతో పోయాడన్నది మాత్రం నిజం.

తర్వాత ఇంకో తంటా వచ్చింది. రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ సెక్షన్ కింద నిషేధిత భూముల జాబితా పెట్టారు. గ్రామకంఠం అన్న మాటని కొన్నిచోట్ల పోరంబోకు లెక్కలో కలిపీసి ఆ జాబితాలోకి ఎక్కించారు. గ్రామకంఠంలో ఇంటి స్థలం ప్రభుత్వ భూమి కాదని హైకోర్టు చెప్పిన తీర్పులున్నాయి. అయినా జాబితాలో మీ నంబరు ఉంటే సబ్ రిజిస్ట్రార్ దస్తావేజు ముట్టుకోడు. ఇల్లు అమ్మాలన్న ఆలోచన వచ్చిన రోజే ముందు ఈ జాబితా చూసుకోండి. సున్నం సంగతి ఆ తర్వాత.

ఇప్పుడు పెట్టెలో ఉన్న పాత కాగితాల మాటకొద్దాం. కొన్ని ఇళ్లలో తొంభై, తొంభై తొమ్మిది రూపాయలకి ఇల్లు కొన్నట్టు తెల్లకాగితం కనబడుతుంది. అప్పట్లో అంత చవకా అని నవ్వుకుంటాం. చవకే, కానీ ఇంకో సంగతి కూడా ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం వంద రూపాయలు, ఆపై విలువైన స్థిరాస్తి అమ్మితే రిజిస్టరు చేసి తీరాలి. వందకి లోపు అయితే స్వాధీనం చేసినా చాలు. ఖర్చూ తిరుగుడూ తప్పుతాయని వందకి లోపే రాయించుకోవడానికి అదొక దారి. కాబట్టి అలాంటి కాగితాన్ని చెత్త అనుకుని పారేయకండి. లింకులో అదే మీ మొదటి మెట్టు కావచ్చు. సాదా బైనామా పొలానికి పాసుబుక్ చట్టం 5ఎ కింద క్రమబద్ధం చేసుకునే వీలు పెట్టారు గానీ, అది సాగు భూమికే. ఇంటికి ఆ దారి లేదు.

పాత దస్తావేజు దొరికితే పైన జిల్లా పేరు చూడండి. శ్రీకాకుళం తాలూకా 1936 ఏప్రిల్ దాకా గంజాం జిల్లాలో ఉండేది. ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మనల్ని విశాఖపట్నం జిల్లాలో కలిపారు. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా పుట్టింది. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. ఇల్లు అంగుళం కదల్లేదు, చిరునామా మాత్రం ఇన్నిసార్లు మారింది. కొత్త దస్తావేజు రాయించేటప్పుడు పాత జిల్లా, తాలూకా పేర్లు కూడా వివరంగా రాయించండి. లేకపోతే రెండూ ఒకే ఇంటివని బయటి లాయరుకి తోచదు.

ఎన్‌కంబరెన్స్, అదే మనం ఈసీ అంటాం కదా, కంప్యూటర్లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందువి రిజిస్ట్రార్ ఆఫీసులో చేత్తో వెతకాలి. దానికి అమ్మినవారి పేరు, కొన్నవారి పేరు, సుమారు ఏ ఏడాదో చెప్పగలగాలి. ఈ మూడూ ఊళ్లో ఏ ముసలాయన నోట్లోనో ఉంటాయి. ఆయన ఉండగానే అడిగి రాసుకోండి.

పేర్ల దగ్గరే ఇంకో ముడి ఉంది, దానికి రంగూన్ దాకా వెళ్లాలి. మన ఉత్తరాంధ్ర నుంచి వేలమంది బర్మా వెళ్లి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పని చేశారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో మన తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక ఎందరో కాలినడకన కొండలు దాటి వచ్చారు, ఎందరో దారిలోనే పోయారు. వెళ్లినవాడు డబ్బు పంపితే ఊళ్లో ఉన్న అన్నో తమ్ముడో ఇల్లు కట్టేవాడు, పన్ను రసీదు ఇక్కడున్నవాడి పేరు మీద పడేది. రంగూన్ పోయి ఖరగ్‌పూర్ వచ్చింది, తర్వాత విశాఖ, హైదరాబాద్ వచ్చాయి. పద్ధతి మాత్రం అదే. పన్ను రసీదు మీద ఒకరి పేరు, ఇంట్లో వాటా నలుగురిది. పన్ను రసీదు హక్కు పత్రం కాదని కోర్టులు మొత్తుకుంటున్నది ఇందుకే. అది మీరు అనుభవంలో ఉన్నారని చెప్పే సాక్ష్యం మాత్రమే.

ఆడపిల్లల సంగతి ఇంకా గట్టిది. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు వచ్చింది, అప్పటికి పెళ్లయినవాళ్లని మినహాయించి. 2005 సెప్టెంబరు 9న కేంద్ర చట్టం ఆ మినహాయింపు కూడా తీసీసింది. ఆ రోజుకి తండ్రి బతికి ఉన్నాడా లేడా అన్నదానితో పని లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే పద్ధతిగా పంపకాలు, అమ్మకాలు అయిపోయి ఉంటే వాటిని కదపరు. "మా చెల్లికి కట్నం ఇచ్చీసాం" అన్న మాట రిజిస్ట్రార్ దగ్గర చెల్లదు. చెల్లెలు సంతకం పెట్టాలి, లేదా రిలీజు డీడు రాసివ్వాలి. ఆమెకి ఇవ్వాల్సింది ఇచ్చి అడగడమే మర్యాద అని నా అభిప్రాయం. సంతకం కావల్సినప్పుడే ఆడపడుచు గుర్తుకు రావడం ఏం బాగుంటాది?

మా వైపు ఒక ఇంటి బేరం ఇక్కడే తిరగబడింది. ఊళ్లో ఇల్లు బేరం కుదిరింది కదాని పేటలో ఇంకో ఇంటికి మూడు నెలల గడువుతో బయానా ఇచ్చీసారు. ఖరగ్‌పూర్‌లో ఉన్న అక్క సంతకానికి రావడానికి ఐదు నెలలు పట్టింది. ఇక్కడ కొనేవాడు విసిగి వెళ్లిపోయాడు, అక్కడ గడువు దాటి బయానా పోయింది. అక్కని అనడానికి లేదు. ఆమెని ఎవరూ ముందు అడగలేదు.

మన ఊళ్ల ఇళ్లకి ఇంకో ప్రత్యేకం ఉంది. వీధి పొడుగునా వరసగా, గోడకి గోడ ఆనుకుని, ముందు సన్నగా, వెనక్కి పొడుగ్గా సాగిపోయే ఇళ్లు. రెండిళ్ల మధ్య ఒకే గోడ. అమ్మేటప్పుడు ఆ గోడ ఉమ్మడిదా, పూర్తిగా మీదా, చూరు నీళ్లు ఎటు పడతాయి, పెరటికి దారి ఎటు అన్నవి దస్తావేజులో రాయకపోతే కొన్నవాడు స్లాబు వేసే రోజు గొడవ మొదలవుతాది. టేపు పట్టి కొలిపించండి. సెంటుకి 48.4 గజాలు. నోటి లెక్కకీ టేపు లెక్కకీ తేడా వస్తే అది బేరానికి ముందే తెలియాలి.

2020 డిసెంబరు నుంచి మన రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. అదే ఏడాది ఏప్రిల్‌లో కేంద్రం మొదలుపెట్టిన స్వామిత్వ పథకంలో డ్రోన్లతో గ్రామకంఠాలు కొలిచి ఇంటింటికీ ఆస్తి కార్డు ఇవ్వాలన్నది ఉద్దేశం. రెండు వందల ఏళ్లుగా ఖాళీగా ఉన్న గడిలో పేరు రాసే పని ఇది. మీ ఊళ్లో అయి ఉంటే పేరు, కొలత సరిగ్గా పడ్డాయో లేదో సచివాలయానికి వెళ్లి చూసుకోండి. ఇప్పుడు పడిన తప్పు రేపు మీ మనవడి మెడకి చుట్టుకుంటుంది.

కొనే ఇంటి విషయంలో కూడా ఇవే ప్రశ్నలు తిప్పి అడగాలి. స్థలం లేఅవుటులోది అయితే అనుమతి నంబరు. ప్రభుత్వం ఇచ్చిన ఇంటి పట్టా అయితే 1977 అసైన్డ్ భూముల చట్టం అడ్డుంటాది. ఏ ఏడాది ఇచ్చారు, అమ్ముకునే గడువు దాటిందా అని ఎమ్మార్వో ఆఫీసులో తేల్చుకోండి. రిజిస్ట్రేషన్ ఖర్చు ఇప్పటి లెక్కన ఏడున్నర శాతం, అంటే ముప్ఫై లక్షల ఇంటికి రెండు లక్షల పాతిక వేలు పక్కన పెట్టుకోవాలి. ఇరవై వేలు, ఆపైన బయానా నగదుగా పుచ్చుకోకూడదు, బ్యాంకు ద్వారానే జరగాలి. రైతుకి ఇన్‌కం ట్యాక్స్ లేదు కదా అంటారు. పంట మీద లేదు గానీ, ఇల్లు అమ్మిన లాభం పంట కాదు. దానికీ ఒక వెసులుబాటు ఉంది. రెండేళ్లకి మించి మీ చేతిలో ఉన్న ఇల్లు అమ్మి, ఆ లాభంతో అమ్మకానికి ఏడాది ముందు గానీ రెండేళ్ల లోపు గానీ ఇంకో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా ఆ మేరకి పన్ను పడదు. తేదీలు ఆడిటరుకి చూపించి అడగండి.

వరస మాత్రం ఇలా పెట్టుకోండి: ముందు జాబితా, తర్వాత వారసుల సంతకాలు, తర్వాత ఈసీ, కొలత. ఇవన్నీ చేతికొచ్చాకే కొత్త ఇంటికి బయానా.

ఈ ఆదివారం ఇంట్లో పెట్టె దించి చూడండి. మీ పాత కాగితం మీద గంజాం అని ఉందా, విశాఖపట్నం అని ఉందా, కింద కామెంట్లో రాయండి. ఇంటి నంబర్లు, పేర్లు కనబడేలా ఫొటోలు మాత్రం పెట్టకండి.