ఇంగ్లిష్ అధికారుల తెలుగు పరీక్షలు

ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరిన ఇంగ్లిష్ యువకులకు దేశభాషలు నేర్పి, వారి ప్రగతిని కొలిచేందుకు సాగిన పరీక్షలివి. 1812లో మద్రాసులో సెయింట్ జార్జి కోట కళాశాల ఏర్పడింది. దీని రూపకర్త ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్. విద్యార్థులను నిర్ణీత వ్యవధుల్లో పరీక్షించేవారు. అర్జీలు చదివి అనువదించడం, మాట్లాడటం ముఖ్యాంశాలు. రైతు మొరను దుబాసీ లేకుండా అధికారే వినగలగాలన్నది ఇందులోని సారం. ఆ లక్ష్యం నేటికీ సరైనదే.

కళాశాల పాలక మండలికి కార్యదర్శిగా ఉన్న ఎ.డి. క్యాంబెల్ 1816లో తెలుగు వ్యాకరణం ప్రచురించాడు. దాని పీఠికకు ఎల్లిస్ రాసిన గమనికలో దక్షిణాది భాషలు సంస్కృతజన్యాలు కావన్న వాదన ఉంది. పాఠాలు చెప్పిన పండితుల శ్రమకు మాత్రం తగిన పేరు దక్కలేదు.

1817లో మద్రాసు చేరిన సి.పి. బ్రౌన్ వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు నేర్చి, 1820లో పరీక్ష నెగ్గి కడపకు వెళ్లాడు. అసలు చదువు ఆ తర్వాతే మొదలైంది: రాతప్రతులు సేకరించి పరిష్కరింపజేశాడు, 1852లో నిఘంటువు వెలువరించాడు. ఏ పరీక్షా అంత దూరం కొలవలేదు.

నేటి తెలంగాణలోని మక్తల్ అప్పట్లో కంపెనీ ఏలుబడిలో కాక నిజాం రాజ్యంలో ఉండేది కనుక ఈ పరీక్షలు అక్కడికి రాలేదు. ఆ రాజ్యంలో పాలనాభాష మొదట పారశీకం, 1884 నుంచి ఉర్దూ. తెలుగు, కన్నడం మాట్లాడే ఈ సరిహద్దు రైతుకు కచేరీ కాగితం పరాయిదిగానే ఉండేది. నేడు మాత్రం తెలంగాణకు కేటాయించిన ఐఏఎస్ అధికారులకు ముస్సోరీ శిక్షణలో తెలుగు నేర్పుతున్నారు.