సన్నిధిలో మౌనము

క్రైస్తవ మార్మికులను గూర్చి వ్రాయువారు తరచుగా ఐరోపా మఠములతోనే ఆరంభింతురు. అందుకు కారణము లేకపోలేదు. జర్మను గురువు ఎకార్టు బోధలలోని 28 వాక్యములను 1329లో పోపు ఖండించెను. 1577లో సిలువ యోహానును ఆయన సన్న్యాసిసంఘమువారే తొలేదో నగరమున చెరబెట్టిరి. దేవుని స్వయముగా ఎరిగితినను మనుష్యుడు సంఘమునకు ఎల్లప్పుడును సంకటమే.

అట్టి సంకటము తెలుగునాటను ఏర్పడినది. పందొమ్మిదవ శతాబ్దిలో పురుషోత్తమ చౌదరి క్రీస్తుభక్తిని రాగతాళయుక్తములైన కీర్తనలలో నింపి, మన భక్తిసంప్రదాయమునకు చేరువ చేసెను. కాని పాట వేరు, దర్శనము వేరు. పాటను సంఘము సులభముగా స్వీకరించును. లూథరన్ సంఘములో బోధకుడైన ముంగమూరి దేవదాసుకు 1938లో రాజమహేంద్రవరమున దైవదర్శనమైనదని ఆయన అనుయాయుల విశ్వాసము. ఆయన పాత సంఘమును విడిచెను. బైబిలు మిషను వెలసెను.

ఇందు ముఖ్యమైనది కొత్త సంఘము కాదు, సన్నిధి యను సాధన. కొందరు ఒకచోట చేరి, తమ దోషములను ఒప్పుకొని, స్తుతించి, పిమ్మట మౌనముగా దేవునికొరకు కనిపెట్టుదురు. అడుగుట ముగిసినపిదప వినుట ఆరంభమగును. అవిలా తెరేసా 1577లో వ్రాసిన గ్రంథమున ఆత్మను ఏడు నివాసములుగల కోటగా వర్ణించినది. అందలి లోపలి గదులకు చేరుటకు ఆమె చూపిన త్రోవయు ఇట్టి నిరీక్షణమే. అయితే ఆమె మఠవాసిని. ఇక్కడివారు సంసారులు, కూలినాలి చేసికొనువారు. మఠము లేకయే మార్మికత నిలుచునా యను ప్రశ్నకు ఈ సాధన ఒక సమాధానము.

లూథరన్ల సందేహమును తేలికగా త్రోసివేయరాదు. ప్రతివాడును తనకు దేవుడు చెప్పెననిన, సత్యమేదో నిర్ణయించునదెవరు? దేవదాసు తన మిషనుకు బైబిలు పేరు ధరింపజేయుటలోనే ఈ ప్రశ్న ఆయనకు తెలియునని తోచుచున్నది. ఆయన 1960లో మరణించెను.

నేడు గుంటూరు సమీపమున ప్రతి జనవరిలో జరుగు మహాసభలకు జనులు వేలాదిగా వత్తురు. పలువురు రోగవిముక్తి కోరి వత్తురు. అది నిందింపదగినది కాదు, వేదనపడువాడు మరేమి కోరును? కాని ధ్వనివర్ధకముల హోరులో మౌనమునకు చోటు చాలదు. సన్నిధి నిలిచియున్నది చిన్న యిండ్లలో, నలుగురైదుగురు కూడిన చోటనే. అక్కడ ప్రార్థన ముగిసినను ఎవరును వెంటనే లేవరు.