శక్తి నిత్యత్వ నియమం: చరిత్ర

శక్తి నిత్యత్వ నియమం భౌతికశాస్త్రపు మూలసూత్రాల్లో ఒకటి. బయటితో సంబంధం లేని వ్యవస్థలో శక్తి ఒక రూపం నుంచి మరో రూపంలోకి మారవచ్చు, ఒక వస్తువు నుంచి మరో వస్తువుకు చేరవచ్చు. దాని మొత్తం మాత్రం మారదు. ఎత్తున నిలిచిన నీటి స్థితిజశక్తి, నీరు కిందికి దూకేటప్పుడు గతిజశక్తి అవుతుంది. ఆ నీరు టర్బైనును తిప్పితే విద్యుచ్ఛక్తి పుడుతుంది. ప్రతి దశలోనూ కొంత భాగం రాపిడి వల్ల ఉష్ణంగా మారి పరిసరాలకు చేరుతుంది. ఈ ఉష్ణాన్ని కూడా లెక్కలో చేర్చినప్పుడే మొత్తం సరిపోతుంది. దీన్ని గుర్తించడానికి శాస్త్రజ్ఞులకు దాదాపు 2 శతాబ్దాలు పట్టింది.

చలనానికి కొలత ఏమిటన్నది 17వ శతాబ్దపు వివాదం. ద్రవ్యరాశిని వేగంతో గుణించాలని డెకార్ట్ అనుయాయులు అన్నారు. వేగపు వర్గంతో గుణించాలని 1686లో లైబ్నిజ్ వాదించి, ఆ రాశిని ‘సజీవ బలం’ అన్నాడు. 1720ల్లో డచ్చి పండితుడు గ్రావెసాండే ఇత్తడి గుండ్లను మెత్తని బంకమట్టిలోకి జారవిడిచి చూశాడు. వేగం రెట్టింపైతే గుంట లోతు 4 రెట్లయింది. ఈ ఫలితం ప్రాముఖ్యాన్ని గుర్తించి, 1740లో వెలువడిన తన గ్రంథంలో లైబ్నిజ్ పక్షాన సమర్థంగా వాదించినది ఫ్రెంచి విదుషి ఎమిలీ దు షాత్లే. గతిజశక్తికి నేటి సూత్రంలో కనిపించే ‘సగం’ 1829లో కొరియోలిస్ రచనతో స్థిరపడింది. ‘పని’ అన్న మాటకు శాస్త్రార్థం ఇచ్చిందీ ఆయనే.

ఉష్ణం విషయంలో మాత్రం చాలాకాలం వేరే అభిప్రాయం చెలామణీ అయింది. ఉష్ణమంటే కెలోరిక్ అనే బరువులేని ద్రవమనీ, దాన్ని పుట్టించడం గాని నశింపజేయడం గాని సాధ్యం కాదనీ నమ్మేవారు. లవోజియే 1789లో దాన్ని మూలకాల పట్టికలో కూడా చేర్చాడు. మ్యూనిక్ ఆయుధాగారంలో ఫిరంగి గొట్టాలను తొలిపిస్తున్న రమ్‌ఫర్డ్ ప్రభువుకు ఇది పొసగలేదు. గుర్రాలతో తిప్పించిన మొండి బరమా రాపిడికే రెండున్నర గంటల్లో నీరు మరిగింది. తొలుస్తున్నంతసేపూ వేడి పుడుతూనే ఉంది. ఎంత తీసినా తరగనిది ద్రవ్యం కాజాలదని ఆయన 1798లో ప్రకటించాడు. వాదం బలమైనదే అయినా కెలోరిక్ సిద్ధాంతం మరో 50 ఏళ్లు నిలిచింది. ఆవిరి యంత్రాల సామర్థ్యంపై 1824లో సాది కార్నో రాసిన విశిష్ట గ్రంథానికీ అదే ఆధారం.

1840ల్లో పరిస్థితి మారింది. జర్మన్ వైద్యుడు రాబర్ట్ మేయర్ 1840లో ఓడ వైద్యుడిగా జావా వెళ్లాడు. అక్కడ నావికుల సిరల రక్తం మామూలుకన్నా ఎర్రగా ఉండడం గమనించాడు. వేడి ప్రదేశంలో ఒంటి వేడిని నిలుపుకోవడానికి శరీరం తక్కువ ఆక్సిజన్ వాడుకుంటుందని ఊహించి, ఆ దారిలోనే ఆహారం, ఉష్ణం, పనుల సంబంధానికి చేరాడు. 365 మీటర్ల ఎత్తు నుంచి ఏదైనా బరువు పడితే, అంతే బరువున్న నీటిని 1 డిగ్రీ సెల్సియస్ వేడెక్కించే ఉష్ణానికి అది సమానమని 1842లో లెక్క వేశాడు. నేటి విలువ సుమారు 427 మీటర్లు. ఆయన కృషికి తగిన గౌరవం ఆలస్యంగా, 1871లో కోప్లీ పతకంతో దక్కింది.

కొలతతో నియమానికి పునాది వేసినవాడు జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ (1818–1889). మాంచెస్టర్ పక్కనున్న సాల్ఫర్డ్‌లో బీరు తయారుచేసే కుటుంబంలో పుట్టి, బాల్యంలో జాన్ డాల్టన్ దగ్గర చదువుకున్నాడు. 1 పౌండు నీటిని 1 డిగ్రీ ఫారన్‌హీట్ వేడెక్కించడానికి ఎంత పని కావాలన్నది ఆయన ప్రశ్న. విద్యుదయస్కాంత ప్రయోగాల ఆధారంగా 1843లో కార్క్‌లో జరిగిన శాస్త్రజ్ఞుల సభలో ఇచ్చిన విలువ 838 అడుగు-పౌండ్లు. సన్నని రంధ్రాల గుండా నీటిని నెట్టి చూస్తే 770 వచ్చింది. తర్వాత సుప్రసిద్ధమైన తెడ్ల ప్రయోగం చేపట్టాడు. కప్పీల మీదుగా దిగే బరువులు రాగిపాత్రలోని నీటిలో తెడ్లను తిప్పుతాయి. నీరు తెడ్లతో కలిసి తిరగకుండా పాత్ర గోడలకు అడ్డుపలకలు ఉంటాయి. బరువులను మళ్లీ పైకి చుట్టి 20 సార్లు దించినా ఉష్ణోగ్రత పెరుగుదల అర డిగ్రీ ఫారన్‌హీట్‌కు కాస్త ఎక్కువ, అంతే. మాంచెస్టర్ పరికరాల నిర్మాత డాన్సర్ చేసిన ఉష్ణమాపకాలతో జౌల్ డిగ్రీలో 200వ వంతు వరకు చదవగలిగాడు. 1850లో ప్రచురించిన విలువ 772. నేటిది సుమారు 778. ఆ సాధనాలతో ఇంత దగ్గరికి రావడం అసాధారణ నైపుణ్యం.

1847 ఆక్స్‌ఫర్డ్ సభలో జౌల్‌ను క్లుప్తంగా ముగించమన్నారు. సభలో ఉన్న 23 ఏళ్ల విలియం థామ్సన్ జౌల్ ప్రయోగాల విలువ గ్రహించి చర్చ లేవదీశాడు. అదే ఏడాది జులైలో ప్రష్యన్ సైనిక వైద్యుడు హెల్మ్‌హోల్ట్జ్ బెర్లిన్‌లో తన వ్యాసం చదివాడు. నిరంతర చలన యంత్రం అసాధ్యమన్న ఒక్క మాట నుంచి బయలుదేరి యాంత్రిక, ఉష్ణ, విద్యుత్, అయస్కాంత విషయాలన్నిటినీ ఒకే గణితంలోకి తెచ్చాడు. దాన్ని ప్రముఖ పత్రిక తిరస్కరించడంతో చిన్న పుస్తకంగా వెలువడింది.

1853లో రాంకిన్ స్థితిజశక్తికి నేటి పేరు పెట్టాడు. శక్తి ప్రమాణానికి జౌల్ పేరు 1889లో ఖరారైంది. పదార్థపు ద్రవ్యరాశికీ శక్తికీ ఉన్న సంబంధాన్ని 1905లో ఐన్‌స్టీన్ చూపాడు. ప్రకృతి నియమాలు కాలంతో మారకపోవడమే శక్తి నిత్యత్వానికి మూలమని 1918లో ఎమ్మీ నోథర్ నిరూపించింది. బీటా క్షయంలో కొంత శక్తి కనపడకపోవడంతో నీల్స్ బోర్ వంటివాడే నియమాన్ని శంకించాడు. ఎవరికీ కనిపించని కణం ఒకటి ఆ శక్తిని మోసుకుపోతోందని 1930లో పౌలీ సూచించాడు. న్యూట్రినోగా పేరుపొందిన ఆ కణాన్ని 1956లో కోవన్, రైన్స్ అణు రియాక్టరు దగ్గర కనుగొన్నారు.