గెడ్డ దాటే చోట

భీమిలి నుంచి విజయనగరం వైపు పల్లెల్లోకి వెళ్లే దారిలో, ఒక గెడ్డ మీద మూడు కానాల వంతెన ఉంది. ఊరి పేరు చెప్పను. చెబితే నిధి ఉందనుకుని గునపాలు పట్టుకుని బయల్దేరేవాళ్లు ఉంటారు. ఇటుక కమానులు, గానుగ సున్నం, ఎగువ వైపున నీటిని చీల్చడానికి ముక్కులా తీర్చిన రాతి దిమ్మలు. ఒక పక్క పిట్టగోడను ఇసుక లారీ ఎప్పుడో ఎత్తుకుపోయింది. ఎదురెదురుగా రెండు ఆటోలు వస్తే ఒకటి ఆగాలి. దాన్ని తీసేసి వెడల్పుగా కొత్తది కడతారట.

ఈ మధ్య మట్టి నమూనాల కోసం బోరు వెయ్యడానికి వచ్చిన కుర్రాళ్లు, నేను ఓవర్సీరుగా పనిచేసి దిగిపోయినవాణ్నని తెలిసి అడిగారు: ‘‘పాత పునాది ఎంత లోతు ఉంటుంది, గురువు గారూ?’’ నాకు తెలిసింది చెప్పాను. ఈ వంతెన కట్టకముందు ఇక్కడ ఏముండేదని మాత్రం వాళ్లు అడగలేదు. వాళ్ల తప్పు కాదు. వాళ్ల వయసులో నేనూ అడగలేదు.

నలభై ఏళ్ల కిందటి మాట. ఇలాంటిదే ఒక వంతెనకు అప్రోచ్ రోడ్డు ఎత్తు చెయ్యాలి. కట్టకు మట్టి కావాలి. చుట్టూ వరిపొలాలు, మధ్యలో ఎవరూ దున్నని దిబ్బ. కొలిచి, ముగ్గు పోయించింది నేనే. రెండో రోజు పలుగుల కింద నల్లా ఎర్రా పెంకులు లేచాయి. మూడో రోజు ఇటుకలు. ఒక్కొక్కటి మూరెడు పొడవు, రెండు చేతులతో ఎత్తాల్సినంత బరువు. పొరుగు చేలో కలుపు తీస్తున్న ముసలమ్మ గట్టు మీద నిలబడి అంది: ‘‘ఏటి బాబూ, దిబ్బని తవ్వేస్తన్నారా? అక్కడ పాతూరుండేదని మా తాత సెప్పీవోడు.’’ నేను నవ్వి ఊరుకున్నాను. ఇటుకలు చక్కగా ఉన్నాయి కదా అని పగలగొట్టించి రోడ్డు అడుగున పరిపించాను. వారంలో దిబ్బ సాపు అయిపోయింది. ఆ రోడ్డు మీద ఇప్పటికీ బస్సు తిరుగుతోంది. దాని కింద ఏ కాలపు ఊరు ఉందో ఇక ఎవరూ చెప్పలేరు.

ఉద్యోగం దిగాక చదవడం మొదలుపెడితే తెలిసింది, నేను చేసింది కొత్త పాపం కాదని. రోడ్లు వేసేవాళ్లకు పాత ఇటుక మీద మోజు ఆంధ్ర దేశంలో పాత జబ్బే. గుడివాడ దిబ్బలోని స్తూపం ఇటుకలు పందొమ్మిదో శతాబ్దంలో బెజవాడ–బందరు రోడ్డు కిందికి పోయాయి. భట్టిప్రోలు స్తూపం ఇటుకలు రోడ్డుకు, పాలరాయి వెల్లటూరు కాలవ లాకుకు వెళ్లాయి. ఆ పనులు చేయించింది చదువుకున్న ఇంజనీర్లే. ఇంత విధ్వంసం తర్వాత 1892లో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రీ భట్టిప్రోలులో తవ్వితే, అడుగున మిగిలిన భాగంలోంచి లిపి చెక్కిన మూడు ధాతుపేటికలు బయటపడ్డాయి. దక్షిణాదిలో దొరికిన అతి పాత రాతల్లో అవి ఉన్నాయి. ఇటుకల కోసం తవ్వినవాళ్లు ఇంకా లోతుకు వెళ్లి ఉంటే ఆ అక్షరాలు కూడా రోడ్డు కంకరలో కలిసిపోయేవి.

అలాగని కట్టేవాళ్లంతా చెరిపేసేవాళ్లే అనడం అన్యాయం. మా భీమిలి తీరంలోనే దానికి ఎదురు సాక్ష్యం ఉంది. 1970లలో నౌకాదళం స్థావరం కోసం ఈ కొండల మీద విమాన సర్వే చేయించింది. ఆ సర్వేలోనే తొట్లకొండ మీద శిథిలాలు ఉన్నట్టు తేలింది. రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి అక్కడ తవ్వితే స్తూపాలు, విహారాలు, శాతవాహన నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు దొరికాయి. దానికి ముందు 1982–87 మధ్య బావికొండలో ధాతువు ఉన్న పేటిక బయటపడింది. భీమిలి ఊరికి ఆనుకునే ఉన్న పావురాలకొండ మీదా బౌద్ధ భిక్షువులు బతికిన ఆనవాళ్లు ఉన్నాయి. పని మొదలుపెట్టక ముందు పైనుంచి ఒకసారి చూడటమే తొట్లకొండను మనకు మిగిల్చింది.

ఇందులో నన్ను కదిలించింది ఇంకొకటి. తొట్లకొండకు ఆ పేరు రాతిలో తొలిచిన నీటితొట్లను బట్టి వచ్చింది. బావికొండకు బావులను బట్టి. అంటే విమానం ఎగరక ముందే, పశువులు కాసుకునే వాళ్లకు అక్కడ మనుషులు చేసిన పని ఉందని తెలుసు. తెలిసి, పేరులో దాచిపెట్టారు. మన పల్లెల్లో ‘పాటి దిబ్బ’ అంటే పాడుబడ్డ ఊరి చోటు. రైతులు ఆ పాటిమన్ను బళ్ల మీద తోలుకుని పొలాలకు ఎరువుగా వేసుకునేవారు. ఏ ఊళ్లోనైనా పాటి, దిబ్బ, కోట, రేవు అనే పేరు వినబడితే అది సగం రిపోర్టు రాసి ఉన్నట్టే.

ఒక పల్లెటూరి వంతెనకు ఇంత ఆరా అవసరమా అంటారేమో. అవసరమే. వంతెన ఎక్కడ పడితే అక్కడ కట్టరు. గెడ్డ ఇరుకైన చోట, ఒడ్డు గట్టిగా ఉన్న చోట, అంతకుముందే జనం దాటుతున్న చోట కడతారు. వంతెన రాకముందు అది రేవు. రేవుకు రెండు వైపులా బళ్లు ఆగుతాయి, ఎద్దులు నీళ్లు తాగుతాయి, వాన వెలిసేదాకా మనుషులు పడుకుంటారు, పక్కన ఒక అమ్మవారు వెలుస్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా వచ్చి, భీమిలి దగ్గర సముద్రంలో కలిసే గోస్తనికీ, దాని చుట్టుపక్కల గెడ్డలకూ ఇలాంటి రేవులు ఎన్నో. 1652లో డచ్చివాళ్లు భీమిలిలో దిగినప్పుడు లోపలి ఊళ్ల నుంచి బట్టల మూటలు వాళ్ల గిడ్డంగులకు చేరింది ఇలాంటి దారుల వెంటే. 1825లో వాళ్లు ఇంగ్లీషువాళ్లకు ఊరు అప్పగించి వెళ్లాకా ఓడరేవు నడిచింది. 1933లో విశాఖ హార్బరు తెరుచుకుని భీమిలి రేవు పల్చబడే దాకా ఎద్దుబళ్లు ఈ గెడ్డలు దాటుతూనే ఉన్నాయి.

గెడ్డ అడుగు కూడా ఒక దస్త్రమే. రాజమండ్రి దగ్గర రైలు గోదావరి మీదికి రాగానే మనవాళ్లు కిటికీలోంచి నాణెం విసిరి దండం పెడతారు. నీళ్లు దాటేటప్పుడు నీళ్లకు ఏదో ఒకటి ఇవ్వాలన్న బుద్ధి మనకొక్కరికే కాదు. 1831లో లండన్‌లో కొత్త వంతెన తెరిచి పాతది పడగొట్టారు. ఆ తర్వాత థేమ్స్ అడుగున పూడిక తీస్తుంటే రోమన్ నాణేలు వేలల్లో లేచాయి. కొన్ని పడవల్లో తరలించిన గులకరాళ్లలో కలిసి దూరపు గట్ల మీద తేలాయి. పైగా గెడ్డ ఒండ్రులో గాలి ఆడదు. పొడి నేలలో చివికిపోయే కర్ర, తాడు, తట్ట అక్కడ నిలుస్తాయి.

చూడటం ఎలా? నాకు తెలిసిన పని కాబట్టి పనివాడిలాగే చెబుతాను. మొదటిది కాగితాల పని. ఊరి పొలాల కొలతలున్న ఎఫ్‌ఎంబీ పుస్తకం, పాత అడంగలు, సర్వే ఆఫ్ ఇండియా పాత పటం. రాబర్ట్ సూయెల్ 1882లో అచ్చు వేసిన మద్రాసు ప్రెసిడెన్సీ పురావస్తువుల జాబితా. కార్మైకేల్ 1869లో రాసిన విశాఖపట్నం జిల్లా మాన్యువల్, ఫ్రాన్సిస్ 1907 గెజిటీరు. ఇవన్నీ రెండు రోజుల చదువు. రెండోది ముసలివాళ్లతో మాట. ఆ రోజు గట్టు మీద నిలబడిన ముసలమ్మ లాంటివాళ్లతో. మూడోది నడక. దుక్కి దున్నిన మర్నాడు, లేదా మొదటి వాన కురిసిన మర్నాడు నడవాలి. పెంకులు అప్పుడే పైకి తేలతాయి. ఈ మూడింటిలో ఏదైనా తగిలితే నాలుగోది, పురావస్తు శాఖవాళ్ల చేత చిన్న గొయ్యి తవ్వించి చూడటం. అనుమానం లేకపోతే అక్కడితో సరి.

ఎక్కడ చూడాలన్నదీ ముఖ్యమే. అందరి కళ్లూ వంతెన పునాది మీదే ఉంటాయి. అక్కడ పాత వంతెన కట్టినవాళ్లు ఎప్పుడో తవ్వేశారు, మిగిలేది తక్కువ. అసలు దెబ్బ తగిలేది నాలుగు చోట్ల: ఎత్తు చేసే అప్రోచ్ రోడ్డు, పని జరిగినన్నాళ్లూ బళ్లు మళ్లించే డైవర్షన్ రోడ్డు, కూలీల షెడ్లూ మిక్సరూ పెట్టే జాగా, అన్నిటికన్నా ముఖ్యంగా కట్టకు మట్టి తీసే చోటు. నేను పాడు చేసిన దిబ్బ వంతెనకు అర కిలోమీటరు దూరంలో ఉంది. ఏ డ్రాయింగులోనూ అది లేదు.

చట్టం ఏమంటుంది? కేంద్రం రక్షించే కట్టడమైతే 2010 సవరణ ప్రకారం చుట్టూ 100 మీటర్లలో కొత్త కట్టుబడి నిషేధం, ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి కావాలి. రాష్ట్రానికి 1960 నాటి సొంత చట్టం ఉంది. ఇవన్నీ పేరు ఎక్కిన చోట్లకు. పేరు ఎక్కని పాటి దిబ్బ చుట్టూ ఏ గీతా లేదు. 1878 నాటి నిక్షేపాల చట్టం ఒకటుంది. మట్టిలో పది రూపాయలకు మించిన విలువైనది దొరికితే కలెక్టరుకు రాసి తెలపాలి. కానీ అది దొరికాక చెప్పే మాట, తవ్వకముందు చూసే మాట కాదు. మన భీమిలిలో సమాధులు వదిలి వెళ్లిన డచ్చివాళ్ల దేశం 1992 నాటి యూరప్ ఒప్పందాన్ని 2007లో చట్టంగా తెచ్చుకుంది. నేలను కదిలించేవాడే పురావస్తు పరిశీలన ఖర్చు పెట్టుకోవాలన్నది దాని మూలసూత్రం. మనకూ ఈ విద్య తెలియనిది కాదు. నాగార్జునసాగర్ నీళ్లు రాకముందు 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయనంతా తవ్వి, కొన్ని కట్టడాలను కొండ మీదికి చేర్చింది మనమే. పెద్ద డ్యాముకు చూపిన శ్రద్ధలో వెయ్యో వంతు చిన్న వంతెనకు చూపితే చాలు.

ఇక పాత వంతెన సంగతి. అదీ ఒక పురావస్తువే. బెల్లం నీళ్లు, కరక్కాయ రసం కలిపి ఎద్దుల గానుగలో రుబ్బిన సున్నం పట్టు ఎలా ఉంటుందో, కొయ్య చట్రం మీద కమాను ఎలా తిప్పారో చెప్పడానికి చేసినవాళ్లెవరూ లేరు. కట్టడమే చెప్పాలి. రాజమండ్రిలో 1900లో తెరిచిన హేవ్‌లాక్ వంతెన మీద 1997లో రైళ్లు ఆగాయి, వంతెన మాత్రం నిలిచింది. మా మూడు కానాల వంతెనకు అంత యోగం ఉండకపోవచ్చు. పడగొట్టక తప్పకపోతే ముందు కొలతలు తీసి, అన్ని వైపులా ఫొటోలు తీసి, సున్నం నమూనా ఒకటి దాచండి. ఆ పనికి ఒక పూట చాలు.

బోరు వేసే కుర్రాళ్లకు నేను ఒక కాగితం రాసిచ్చాను. గెడ్డకు తూర్పున అమ్మవారి గుడి వెనక ఎత్తు నేల, పడమట పాటిమడి అని పిలిచే చెక్క, దిగువన పాత బండిరేవు. ఈ మూడు చోట్లా మట్టి తియ్యొద్దు, షెడ్లు వెయ్యొద్దు, తప్పనిసరైతే ముందు పురావస్తు శాఖకు కబురు పెట్టండి అని. వాళ్లు ఫోనులో ఫొటో తీసుకున్నారు. అది ఎవరి బల్ల దాకా వెళుతుందో చూడాలి.

చదువుతున్న మీకూ ఒక మాట. మీ ఊళ్లో రోడ్డు పని జరుగుతున్నప్పుడు జేసీబీ పళ్ల మధ్య మూరెడు పొడవు ఇటుక కనబడితే, పని ఆపమని అడగండి. తీసిన చోటు గుర్తు పెట్టి, ఇటుకను అక్కడే ఉంచి, తహసీల్దారుకు చెప్పండి. గట్టు మీద ఎవరైనా ముసలమ్మ నిలబడి ఏదైనా అంటే, నాలాగా నవ్వి ఊరుకోకండి.